సంస్కరణకు ముందే వచ్చిన సంత: ‘జనరల్ పదవీ విరమణ’ కథపై ఒక పరిశీలన

తెలుగు సాహిత్యంలో వియత్నాం అనే మాటకు ఒక ప్రత్యేకమైన ధ్వని ఉంది. 1960ల చివర, 70ల మొదట మన కవులకు అది దేశం పేరు కన్నా ఎక్కువగా ఒక విశేషణం. ధైర్యానికీ, లొంగనితనానికీ, పేదవాడు బలవంతుణ్ణి నిలువరించగలడన్న నమ్మకానికీ అది సంకేతపదంగా ఉండేది. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమైంది. ఆ తరువాత మన కవిత్వానికి వియత్నాంతో పని తీరిపోయింది. గెలిచినవాళ్లు ఆ మర్నాటి నుంచి ఏం తిన్నారు, బియ్యం కోసం ఏ వరసలో నిలబడ్డారు, గెలిచిన సైన్యాధికారి ఇంటికి చేరాక కోడలితో ఏం మాట్లాడాడు అన్నవి మన కవితావస్తువులు కాలేదు. ఇరవై ఏళ్ల తరువాత ఆ దేశం పేరు మళ్లీ వినిపించింది గానీ, ఈసారి అర్థశాస్త్రం తరగతి గదుల్లో. సోషలిస్టు రాజ్యంగా ఉంటూనే సంతకు తలుపులు తెరిచి ఏటా ఎనిమిది శాతం పైబడి పెరిగిన దేశంగా దాన్ని ఉదాహరించడం మొదలైంది. ఒక వియత్నాం కవుల చేతిలో, మరొకటి ఆర్థికవేత్తల చేతిలో ఉండిపోయాయి. ఈ రెంటికీ నడుమ ఉన్న వియత్నాంను చూపే ఒక కథను ఇక్కడ పరిశీలించదలిచాము.

న్గుయెన్ హుయ్ థియెప్ రాసిన ‘జనరల్ పదవీ విరమణ’ 1987 జూన్‌లో హనోయిలో వెలువడే రచయితల సంఘం వారపత్రిక ‘వాన్ న్ఘే’లో అచ్చయింది. రచయిత 1950లో హనోయిలో పుట్టాడు. చరిత్ర అధ్యాపకుడిగా వాయవ్య కొండ ప్రాంతాల్లో పదేళ్లు పనిచేశాడు. ఈ కథ వచ్చేవరకు ఆయన పేరు దాదాపు ఎవరికీ తెలియదు; వచ్చిన తరువాత తెలియనివారు లేరు. మరుసటి ఏడే దాన్ని చలనచిత్రంగా తీశారు. 1992లో గ్రెగ్ లాక్‌హార్ట్ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. మనబోటివాళ్లం ఈ కథను ఆ అనువాదం ద్వారానే ఎరుగుదుము. ఆ ఎరుకకున్న పరిమితి సంగతి చివర చూద్దాం.

కథ చాలా చిన్నది, చిన్న చిన్న ముక్కలుగా నడుస్తుంది. చెప్పేవాడు జనరల్ కొడుకు, ముప్ఫయ్యేడేళ్ల ఇంజనీరు, భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థలో ఉద్యోగి. తండ్రి పన్నెండో ఏట ఇల్లు వదిలిపోయి, తరువాత సైన్యంలో చేరి, జనరల్ హోదాకు ఎదిగి, డెబ్బయ్యో ఏట ఇంటికి తిరిగి వచ్చాడు. అంతకు ముందు ఆ ఇంటికి ఆయన వచ్చిపోయిన రోజులు వేళ్లమీద లెక్కించవచ్చు. తల్లికి మతి తప్పింది. ఇల్లు నడిపేది కోడలు థ్వీ. ఆమె ప్రసూతి ఆసుపత్రిలో వైద్యురాలు. ఇంట్లో ఆశ్రయం పొందిన కో అనే ముసలాయనా, అమాయకురాలైన అతని కూతురు లాయ్ చాకిరీ చేస్తుంటారు. థ్వీ అల్సేషియన్ కుక్కల్ని పెంచి అమ్ముతుంది. ఆ ఇంటి అసలు రాబడి అదే. ఇంజనీరు జీతమూ కాదు, డాక్టరు జీతమూ కాదు, జనరల్ పింఛనూ కాదు. కుక్కలకూ పందులకూ మేత ఎక్కడి నుంచి వస్తుందన్నది కథలో నడిమి రహస్యం. గర్భస్రావాల తరువాత ఆసుపత్రిలో పారవేసే పిండాలను ఆమె ఫ్లాస్కులో పెట్టి ఇంటికి తెస్తుంది, ముసలాయన వాటిని ఉడకబెడతాడు. ఒకనాడు ఈ సంగతి జనరల్ కంటబడుతుంది. ఆయన ఏడుస్తాడు, ఫ్లాస్కును కుక్కల మీదికి విసురుతాడు, ఇటువంటి సంపద తనకు అక్కర్లేదంటాడు. తరువాత భార్య చనిపోతుంది. ఆయన సరిహద్దు దిక్కుకు, తన పాత దళం దగ్గరికి వెళ్లి అక్కడే మరణిస్తాడు.

ఈ కథను మన విద్యార్థులు ఎక్కువమంది ఒకే విధంగా చదువుతున్నారు. 1986 డిసెంబరులో వియత్నాం కమ్యూనిస్టు పార్టీ ఆరో మహాసభ ‘డోయ్ మోయ్’ పేరిట, అంటే నవీకరణ పేరిట, సంస్కరణలు ప్రకటించింది, సంత వచ్చింది, డబ్బు వచ్చింది, మనిషి విలువ పడిపోయింది, విప్లవతరం ప్రతినిధి అయిన జనరల్ ఆ కొత్త లోకంలో ఇమడలేక చనిపోయాడు, కనుక ఇది సంస్కరణలను నిరసించే కథ. పరీక్షలో ఈ సమాధానానికి మార్కులు పడతాయి. ప్రపంచీకరణ కథల మీద మన దగ్గర వచ్చిన విమర్శ నేర్పిన చూపు కూడా ఇదే: సంత అనేది బయటి నుంచి వస్తుంది, విత్తనాల దుకాణంగానో, టీవీగానో, కంపెనీగానో ఊరి పొలిమేర దాటి లోపలికి వస్తుంది, అంతవరకూ చల్లగా ఉన్న ఇల్లు ఆ తరువాత చెడుతుంది.

కానీ తేదీలు ఈ చదువుకు ఒప్పుకోవు. మహాసభ జరిగింది 1986 డిసెంబరు మధ్యలో. కథ అచ్చయింది 1987 జూన్. మధ్యన ఉన్నవి ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో సామాన్యుడి ఇంట్లోకి వచ్చిన సంస్కరణ ఏమీ లేదు. విదేశీ పెట్టుబడుల చట్టం 1987 డిసెంబరులో వచ్చింది. వ్యవసాయంలో కుటుంబాలకు భూమి సాగు హక్కును నిలకడగా అప్పగించిన పదో తీర్మానం 1988 ఏప్రిల్‌లో వచ్చింది. ధరల మీద ప్రభుత్వ నియంత్రణను చాలావరకు ఎత్తివేసింది 1989లో. మరి థ్వీ కుక్కల వ్యాపారం కథలో అప్పటికే స్థిరపడి ఉంది. ముసలాయన, అతని కూతురు ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నారు. అంటే థియెప్ చూపిన సంత సంస్కరణ తెచ్చిన సంత కాదు. రేషను రాజ్యం నడుస్తున్న కాలంలోనే, దాని వంటింటి వెనక, దాని చెత్తబుట్టలోంచి పుట్టిన సంత అది. ఈ ఒక్క సంగతి గుర్తిస్తే కథ అర్థం మొత్తం మారిపోతుంది.

ఆ రేషను కాలం గురించి కొంచెం చెప్పుకోవాలి. యుద్ధం ముగిసిన నాటి నుంచి 1986 వరకు ఉన్న కాలాన్ని వియత్నాం జనం సబ్సిడీ కాలం అంటారు. బియ్యం, మాంసం, గుడ్డ, కిరసనాయిలు అన్నీ కూపన్ల మీద. బియ్యం పుస్తకం పోగొట్టుకున్నవాడి ముఖంలా ఉంది నీ ముఖం అనడం అప్పటి సామెత. తెల్లవారకముందే వరసలో ఇటుకరాయి పెట్టి చోటు పట్టుకునేవారని ఆ తరం వాళ్లు చెప్పుకుంటారు. జీతం జీతంగా ఉండేది, దానితో బతుకు మాత్రం వెళ్లేది కాదు. అందుకే ఉద్యోగానికి తోడు మరో పని తప్పనిసరి. బయటి కాలు లోపలి కాలు కన్నా పొడుగు అని దానికీ ఒక నానుడి ఉంది. హనోయిలో అధ్యాపకులు, వైద్యులు ఇళ్లల్లో పందులు పెంచిన కాలం అది. 1985 సెప్టెంబరులో ధరలు, జీతాలు, కరెన్సీ మూడింటినీ ఒకేసారి మార్చబోయి ప్రభుత్వం చేతులు కాల్చుకుంది. 1986లో ద్రవ్యోల్బణం ఏడువందల శాతం దాటింది. మహాసభ నాటికి నాయకత్వం ముందున్న ప్రశ్న సంతను రానివ్వాలా వద్దా అన్నది కానే కాదు, అది అప్పటికే వచ్చి కూర్చుంది. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నదే మిగిలింది.

వ్యవసాయంలో ఇది మరీ స్పష్టం. హనోయికి వాయవ్యంగా ఉన్న విన్ ఫూక్ రాష్ట్రంలో పార్టీ కార్యదర్శి కిమ్ న్గోక్ 1966లోనే సహకార క్షేత్రాల భూమిని కుటుంబాలకు ఒప్పందం మీద ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాడు. దిగుబడి పెరిగింది. 1968లో పార్టీ అగ్రనాయకుడు త్రువోంగ్ చిన్ దాన్ని తీవ్రంగా విమర్శించడంతో అది ఆగిపోయింది. కిమ్ న్గోక్ 1979లో మరణించాడు. రెండేళ్లు తిరగకుండానే, 1981 జనవరిలో, అదే పద్ధతికి దగ్గరగా ఉన్న ఒప్పందాన్ని దేశమంతటా అనుమతిస్తూ వందో ఆదేశం వెలువడింది. అయిదేళ్ల తరువాత, 1986లో, సంస్కరణలు అవసరమని పార్టీని ఒప్పించిన పెద్దల్లో త్రువోంగ్ చిన్ ముఖ్యుడు. ఈ చరిత్రలో ఎవరినీ దుర్మార్గులుగా తేల్చడానికి మేము ఈ సంగతులు చెప్పడం లేదు. రైతులూ కొందరు స్థానిక అధికారులూ కంచె దాటి చేసిన పనికి పై నుంచి ముద్ర పడడమే డోయ్ మోయ్‌లో పెద్ద భాగమని గుర్తు చేయడానికే చెబుతున్నాము. అక్కడివాళ్లు దాన్ని కంచె విరవడం అనే అంటారు.

ఇప్పుడు కథలోని రెండు చిన్న ఘట్టాలను దగ్గరగా చూద్దాం.

ఇంటికి వచ్చిన జనరల్ అందరికీ కానుకలు తెస్తాడు. తలా నాలుగు మీటర్ల సైనిక గుడ్డ. కొడుక్కీ, కోడలికీ, పని చేసే ముసలాయనకీ, అతని కూతురికీ అంతే. నాన్న సమానత్వవాది అని కొడుకు నవ్వుతాడు. అదే బతికే పద్ధతి అంటాడు తండ్రి. ఇంటిల్లిపాదీ ఒకే గుడ్డ కట్టుకుంటే ఇల్లు సైనిక శిబిరం అవుతుందని కోడలు చమత్కరిస్తుంది. అందరూ నవ్వుతారు. కథలో అందరూ కలిసి హాయిగా నవ్వే చోట్లు అరుదు, అందులో ఇదొకటి. ఒక యుగం మీద వేయవలసిన తీర్పును థియెప్ నాలుగు మీటర్ల గుడ్డలో పెట్టి, దాని మీద వ్యాఖ్యానం చేయకుండా ముందుకు పోతాడు. జనరల్ పంచిన సమానత్వం నిజమైనదే, అందులో కపటం లేదు. కాని ఆయన దగ్గర పంచడానికి ఉన్నది గుడ్డ మాత్రమే. ఆ పూట అన్నం కోడలి లెక్కలోంచి వస్తుంది. ఆ సమానత్వం ఆ ఇంటి వంటగదిని ఎన్నడూ పోషించలేదు. అది సైన్యంలో పుట్టి సైన్యంలోనే ఉండిపోయింది.

రెండో ఘట్టం పిండాల సంగతి బయటపడే చోటు. పాఠకుడు సహజంగా థ్వీ మీద కోపగించుకుంటాడు. కాని అంతకు ముందే కథకుడు ఒక మాట అనేసి ఉన్నాడు: ఇది తనకు తెలుసుననీ, పెద్ద విషయంగా అనిపించక వదిలేశాననీ. చదివేటప్పుడు ఈ మాట జారిపోతుంది, ఎందుకంటే కథకుడు దాన్ని జారవిడిచే పద్ధతిలోనే చెప్పాడు. కథలో నిజమైన నేరం ఎక్కడుందని అడిగితే మా సమాధానం ఆ వాక్యంలోనే ఉంది. థ్వీ చేతులకు పని ఉంది, ఆ పనికి లెక్క ఉంది. ఇంజనీరుకు మాత్రం తెలియడమే గాని చేయడం లేదు. రాబడి అనుభవిస్తాడు, అసహ్యం పడడు. తండ్రి అసహ్యపడితే దాన్ని కూడా ఒక సంఘటనగా నమోదు చేస్తాడు. ఆ ఇంట్లో సంత గెలిచింది ఆమె ఆశ వల్ల కాదు, ఇతని ఊరకుండడం వల్ల.

థ్వీని రాక్షసిగా చదివేవాళ్లు కథలోని మరికొన్ని చోట్లను దాటవేయవలసి వస్తుంది. ఆమె మామగారిని గౌరవిస్తుంది. పనివాళ్లకు తోడుగా తానూ ఏదైనా చేస్తానని ఆయన అన్నప్పుడు, జనరల్ జనరల్‌గానే ఉండాలి, దళపతి సిపాయి పని చేస్తే పావులు తారుమారవుతాయని వారిస్తుంది. ఆయనకు పొద్దుపోవడానికి చిలకలు పెంచమని సలహా ఇస్తుంది. డబ్బు కోసమా అని ఆయన అడిగితే ఆమె బదులు చెప్పదు. ఆ మౌనం మాకు ఎంతో నచ్చింది. అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం లేదు, నిజం చెప్పి ఆయన్ని నొప్పించడమూ ఇష్టం లేదు. సంగతి బయటపడ్డాక ఆమె చిరాకు పడేది ముసలాయన మీద, పెద్దాయనకు ఎందుకు తెలియనిచ్చావని. పాపభయం లేదు, మర్యాద ఉంది. అటువంటి మనిషిని సృష్టించడం దుష్టపాత్రను సృష్టించడం కన్నా కష్టం.

ఇక్కడ మనకు కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ గుర్తుకు రాక తప్పదు. ఆ కథ 1960లలో అచ్చయింది. సుందరపాలెం కూడా అభివృద్ధి చెందిన ఊరే. రోడ్డు, బడి అన్నీ వచ్చినవే. శ్రీరాములు నాయుడు మంచివాడు, ఊరి మేలు కోరినవాడు. అయినా అప్పల్రాముడి అప్పు తీరలేదు, భూమి నిలవలేదు. పెద్దల తీర్పు న్యాయంగానే ఉంది, ఆ న్యాయానికి కట్టుబడితే బిడ్డలు పరాయి ఇంట కంబారీలు కావాలి. సీతారాముడు తన పసిబిడ్డను చంపి ఆ తీర్పుకు జవాబిస్తాడు. ఆ ముగింపు మీద తెలుగు విమర్శలో చాలా కాలం చర్చ సాగింది, దాన్నిక్కడ తిరగతోడము. మేము చెప్పదలిచింది ఒక్కటే. రెండు కథల్లోనూ పుట్టిన, పుట్టని బిడ్డల శరీరాల దగ్గరే ఆర్థికవ్యవస్థ తన అసలు రూపం చూపిస్తుంది. ‘యజ్ఞం’లో బిడ్డ చావు ఆ లెక్కలోంచి బయటికి పోవడం, అప్పు పుస్తకంలో వాడి పేరు ఎక్కకుండా చేయడం. థియెప్ కథలో పిండం లెక్కలోకి చేరడం. ఎవరికీ అక్కర్లేనిది ఎవరికో రాబడిగా మారడం. కాబట్టే ‘యజ్ఞం’ చదివినవాడు అరవాలనుకుంటాడు, థియెప్ కథ చదివినవాడికి గొంతు పెగలదు.

మరో తేడా కూడా ఉంది. ‘యజ్ఞం’లో పద్దు షావుకారు చేతిలో ఉంది, తగవు రచ్చబండ మీద జరుగుతుంది. ఎవరు ఎవరికి బాకీయో ఊరందరికీ తెలుసు. ‘జనరల్’లో పద్దు ఇంటి ఇల్లాలి తలలో ఉంది. తగవు లేదు, సభ లేదు, పీడకుడని వేలు చూపడానికి మనిషి లేడు. తెలుగులో 1991 తరువాతి ఆర్థిక మార్పుల మీద మంచి కథలు చాలా వచ్చాయి. చేనేత, పత్తి, వలస వాటిలో బలంగా కనిపిస్తాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం ‘యజ్ఞం’ దారిన రచ్చబండ వెతుక్కున్నవే. ఇంటి లోపలి పద్దును ఇంత నెమ్మదిగా విప్పినవి మాకు తక్కువగా కనిపిస్తున్నాయి. మధ్యతరగతి కథకుడికి ఇంటి లోపలి రాబడి గురించి రాయడం అప్పుడూ ఇప్పుడూ ఇబ్బందే అనుకుంటాము.

థియెప్ కథలో లోటు లేదని కాదు. ఆయన చూపు హనోయి శివారు ఇంటి ప్రహరీ దాటదు. పల్లెటూరి బంధువులు, ముఖ్యంగా జనరల్ సవతి తమ్ముడు బోంగ్, మోటుగా, నవ్వు పుట్టించేలా వస్తారు. వారి బతుకు లోపలి నుంచి కనబడదు. ఆ పల్లెల్లోనే ఆ తరువాత అసలు మార్పు జరిగింది. 1988 తొలి నెలల్లో ఉత్తర రాష్ట్రాలు తిండికి కటకటలాడాయి. పదో తీర్మానం వచ్చిన మరుసటి ఏడే, 1989లో, ఆ దేశం సుమారు 14 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసింది. నేల అదే, రైతులు వాళ్లే. మారింది పంట ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు. పేదల సంఖ్య 1993లో జనాభాలో 58 శాతం, 1998లో 37, 2002లో 29 శాతంగా సర్వేలు తేల్చాయి. ఈ అంకెలను పక్కకు నెట్టి సంస్కరణలన్నీ మనిషి పతనమే అనే విమర్శకుడు, ఆ మూడో వంతు జనం రెండు పూటలా తినడం తనకు ముఖ్యం కాదని అంటున్నట్టే. అటువంటి విమర్శ మాకు సమ్మతం కాదు.

అలాగని అంకెలు కథను కొట్టివేయనూ లేవు. 1989లోనే ఆసుపత్రుల్లో రుసుములు మొదలయ్యాయి, బడుల్లో ఫీజులు వచ్చాయి. ప్రభుత్వ సంస్థలు అయిదారేళ్లలో సుమారు 12 వేల నుంచి 6 వేలకు తగ్గాయి. సహకార సంఘాలు విడిపోయినచోట వాటి శిశుసంరక్షణ కేంద్రాలూ, గ్రామ వైద్యశాలలూ దిక్కులేనివయ్యాయి. కొత్త రాబడి పాత రక్షణను భర్తీ చేసిందా అంటే ఒక్కో ఇంటికి ఒక్కో జవాబు. థియెప్ కథలో ముసలాయన కో, కూతురు లాయ్ జవాబు ఏమై ఉంటుంది? జీతం లేని ఆశ్రయం వాళ్లది. సంస్కరణలకు ముందూ వాళ్లు కోడలి దయ మీదే ఉన్నారు, సమాన గుడ్డ ముక్క అందినా. తరువాతా ఆ దయే ఉంటుంది కాబోలు. పార్టీ పత్రాల్లో గాని, ప్రపంచబ్యాంకు నివేదికల్లో గాని వాళ్ల కోసం ఒక గడి లేదు, కథలో ఉంది.

ఈ కథ అచ్చు కావడం వెనక ఉన్న చరిత్రకూ సంస్కరణలతో సంబంధం ఉంది. పార్టీ ప్రధాన కార్యదర్శి న్గుయెన్ వాన్ లిన్ 1987 మే నుంచి ‘న్హాన్ జాన్’ దినపత్రికలో అవినీతినీ అలసత్వాన్నీ విమర్శిస్తూ పొడి అక్షరాల సంతకంతో రాయడం ప్రారంభించాడు. అదే ఏడు అక్టోబరులో రచయితలను పిలిచి, వారి కట్లు విప్పుతామని మాట ఇచ్చాడు. అప్పుడు ‘వాన్ న్ఘే’ సంపాదకుడు న్గుయెన్ న్గోక్. థియెప్‌ను అచ్చు వేసిన ధైర్యం ఆయనది. 1988 చివరికి ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించారు. 1988లోనే ‘అంధుల స్వర్గం’ నవల రాసి, 1950ల భూసంస్కరణల్లో జరిగిన అన్యాయాలను, ఒక వీధి వ్యాపారి కూతురు కూలీగా రష్యాకు పోయిన వైనాన్ని చెప్పిన జువోంగ్ థు హువోంగ్‌ను 1991లో కొన్ని నెలలు నిర్బంధించారు. బియ్యానికి దొరికిన స్వేచ్ఛ కథకు అంత కాలం దొరకలేదు. ఆర్థికంగా తెరుచుకున్న ద్వారాలు ఏటేటా వెడల్పయ్యాయి: 1994లో అమెరికా ఆంక్షలు తొలగాయి, 1995లో ఆసియాన్‌లో చేరిక, 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యత్వం. సాహిత్యానికి తెరిచిన కిటికీ మాత్రం రెండేళ్లలోపే సగం మూసుకుంది. కథలో కొడుకు కనబరిచిన మౌనం ఎటువంటిదో అర్థం కావడానికి ఇది కూడా తెలియాలి.

యానాంలో చదువుకుంటున్నవారికి ఒక చిన్న మాట, అప్రస్తుతమే అయినా. ఫ్రెంచి పాలన కాలంలో వాళ్ల తాతలు సంతకు పట్టుకెళ్లిన రూపాయి నోట్లను ముద్రించింది ఇండో-చైనా బ్యాంకు, అంటే సైగాన్, హనోయి నగరాలకు కరెన్సీ ఇచ్చిన అదే బ్యాంకు. పుదుచ్చేరిలో దాని శాఖ ఉండేది. వియత్నాం మనకు అంత దూరమేమీ కాదు.

ఇక అనువాదం సంగతి. ఈ కథను తెలుగు చేయబూనే విద్యార్థి ఇంగ్లీషు ప్రతిని పక్కన పెట్టుకోక తప్పదు, కాని దాన్ని రెండు విషయాల్లో నమ్మకూడదు. మొదటిది సంబోధన. వియత్నామీస్‌లో నువ్వు, మీరు అనే సర్వనామాల పని ఎక్కువగా బంధుత్వ పదాలే చేస్తాయి. కోడలు మామగారిని తండ్రీ అనే పిలుస్తుంది, తనను బిడ్డనని చెప్పుకుంటుంది. ఇంగ్లీషులో ఇదంతా ఒకే ఒక్క సర్వనామంగా చదునైపోయింది. తెలుగులో మనకు మామయ్యగారూ అనే మాట ఉంది. ముసలాయన కో అయ్యా అంటాడు, బోంగ్ అన్నయ్యా అంటాడు. ఆ మర్యాదల మెట్లు నిలబెడితేనే థ్వీ మర్యాద ఎంత కఠినమైనదో తెలుస్తుంది. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ నడుమ పెరిగిన మన విద్యార్థులు వరసలు మారినప్పుడు మాట బరువు ఎలా మారుతుందో రోజూ చెవులతో వింటున్నవారు. ఈ పని వారికి చేతనవుతుంది.

రెండోది వాక్యం. థియెప్ వాక్యాలు పొట్టివి, తెగిపోయినవి, ఒకదానికొకటి కారణం చెప్పనివి. మన భాషకు అసమాపక క్రియల సౌలభ్యం ఉంది. వచ్చి, చూసి, ఏడ్చి అంటూ అయిదు పనులను ఒక తాడు మీద గుచ్చగలం. ఇక్కడ ఆ సౌలభ్యమే ప్రమాదం. గుచ్చగానే ఒక పనికి మరొక పని కారణమైనట్టు ధ్వనిస్తుంది, కథకుడికి మనసు ఉన్నట్టు తోస్తుంది. తండ్రి వచ్చాడు. చూశాడు. ఏడ్చాడు. ఇలా తెగగొట్టవలసిందే, చదవడానికి కటువుగా ఉన్నా సరే. తండ్రీ కొడుకుల పేర్లు కూడా ఒక చిక్కు: అక్కడ స్వరభేదంతో వేరు చేసే ఆ రెండు పేర్లూ మన లిపిలో రెండూ థ్వాన్‌గానే మిగులుతాయి. దాన్ని దిద్దే ఉపాయం మాకు తోచలేదు. దిద్దకపోయినా నష్టం లేదేమో.

శీర్షిక విషయంలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. మూలంలో పదవీ విరమణ అనే మాటలో మొదటి సగానికి తిరిగి రావడం అని అర్థం. మన ‘విరమణ’లో ఆగిపోవడమే ఉంది, రావడం లేదు. ‘ఇంటికొచ్చిన జనరల్’ అంటే ఆ రాక దొరుకుతుంది గాని, ఉద్యోగం అయిపోయిన సంగతి జారిపోతుంది. ప్రస్తుతానికి ఈ వ్యాసంలో పాత శీర్షికనే ఉంచాము.